మందుకన్నా ముందు రుజువు



ఈ పూట మీకు ఒక జబ్బు గురించి చెబుతాను. దాని పేరు సార్కాయిడోసిస్. చాలామంది ఈ పేరు విని ఉండరు. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళు మన గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్ళలో కొందరికి తమకున్నది ఈ జబ్బేనని తెలియదు. వేరే జబ్బు పేరు మీద, వేరే మందు మింగుతూ ఉంటారు. ఆ వేరే జబ్బు మనందరికీ తెలిసిందే. టీబీ, అంటే క్షయ.

ఈ రెండూ ఎక్స్‌రేలో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. టీబీకి క్రిమిని చంపే మందు ఇస్తాం, ఒంట్లోని రక్షణ శక్తిని కాపాడుకోమంటాం. సార్కాయిడోసిస్‌లో చంపడానికి క్రిమి ఉండదు. అదుపు తప్పిన ఆ రక్షణ శక్తినే కొంత అణచాలి. సార్కాయిడోసిస్ ఉన్నవారికి టీబీ మందు ఇస్తే నెలలు వృథా అవుతాయి. టీబీ ఉన్నవారికి సార్కాయిడోసిస్ మందు ఒక్కటే ఇస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఈ ప్రసంగంలో మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మందుకన్నా ముందు రుజువు కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మా దగ్గరకు వచ్చే పలువురి అనుభవాలు కలిపి చెబుతున్నాను. కడియం నర్సరీల్లో పనికి వెళ్ళే నలభై ఏళ్ళ ఇల్లాలు అనుకోండి. కొన్ని నెలలుగా పొడి దగ్గు. మొక్కల కుండీలు మోస్తే ఆయాసం. సాయంత్రమయ్యేసరికి లేవలేనంత నీరసం. ఊళ్ళో ఆర్ఎంపీ గారి దగ్గర సూది వేయించుకుంటే నాలుగు రోజులు తేరుకుంది, తర్వాత మళ్ళీ మామూలే. రాజమండ్రి వచ్చి ఎక్స్‌రే తీయించుకుంటే, ‘ఛాతీలో బిళ్ళలు కట్టాయమ్మా’ అన్నారు. తెమడ పరీక్షలో క్రిమి కనబడలేదు. పొడి దగ్గు కాబట్టి అసలు తెమడే సరిగ్గా రాలేదు. అయినా టీబీ మందు మొదలైంది. ఆమె ఆరు నెలలూ ఒక్క పూట మానకుండా మింగింది. చివరికి వచ్చి, ‘కోర్సు అయిపోయిందండి, దగ్గు అయిపోలేదండి’ అంది.

ఆ ఆరు నెలల్లో పోయింది డబ్బూ కాలమూ మాత్రమే కాదు. ఇంట్లో ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టారు. పసిపిల్లల్ని ఆమె దగ్గరకు పోనివ్వలేదు. కూతురి పెళ్ళి మాటలు మధ్యలో ఆగిపోయాయి. సార్కాయిడోసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటని జబ్బుకు అంటరానితనం అనుభవించింది ఆ తల్లి. నిజానికి టీబీ ఉన్నవారినైనా అలా వెలివేయనక్కరలేదు. సరైన మందు పడిన కొద్ది వారాల్లోనే చాలామంది నుంచి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

మొదట టీబీ మందు రాసిన డాక్టరును తప్పుపట్టడం సులువు. కానీ ఆ డాక్టరు కూర్చున్న కుర్చీలో కూర్చుని ఆలోచించాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు ప్రతి నలుగురిలో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. రోజూ వచ్చే దగ్గు రోగుల్లో టీబీ ఉన్నవారు ఎందరో. టీబీని వదిలేస్తే రోగికీ నష్టం, ఇంటిల్లిపాదికీ నష్టం. అందుకే డాక్టరు మనసు ముందుగా టీబీ వైపే మొగ్గుతుంది. మొగ్గాలి కూడా. అయితే అనుమానం వేరు, తీర్పు వేరు. అనుమానం వచ్చాక తీర్పు ఇచ్చేలోగా ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్ష దాటేసినప్పుడే ఇలాంటి కథలు పుడతాయి.

అసలు ఈ జబ్బులో ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. వరదకాలంలో మన ఏటిగట్టుకు ఎక్కడైనా ఊట పడితే ఏం చేస్తారు? దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి రింగు కడతారు. మన ఒంట్లోని రక్షణ కణాలూ అదే పని చేస్తాయి. తాము చంపలేని వస్తువు ఏదైనా లోపల కనిపిస్తే దాని చుట్టూ గుమిగూడి ఒక చిన్న గడ్డలా కడతాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. టీబీలో ఆ గడ్డ మధ్యన క్రిమి ఉంటుంది, కణజాలం చచ్చిపోయి జున్నులా మెత్తబడుతుంది. సార్కాయిడోసిస్‌లో గడ్డలు కడతాయి గానీ మధ్యన క్రిమి దొరకదు, కణజాలం సాధారణంగా చావదు. గడ్డలు ఎక్కువైతే ఆ అవయవం పని కుంటుపడుతుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే అక్కడ మచ్చ కట్టి గట్టిపడుతుంది.

ఇది క్యాన్సరు కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ‘ఛాతీలో గడ్డలు’ అనగానే చాలామంది గుండె జారిపోతుంది.

ఈ జబ్బును మొదట చర్మం మీదే గుర్తించారు. 1877లో లండన్ వైద్యుడు జోనాథన్ హచిన్‌సన్ ఒక రోగి చర్మం మీది మచ్చల గురించి రాశాడు. 1899లో నార్వే వైద్యుడు సీజర్ బోక్ అలాంటి చర్మపు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, లోపలి గడ్డలను వర్ణించాడు. ఆ తర్వాత, చర్మం మీద కనిపించేది పైకి తేలిన భాగమేననీ, ఊపిరితిత్తులు, కళ్ళు, బిళ్ళలు, ఇలా ఒంట్లో ఏ అవయవానికైనా ఇది రాగలదనీ తేలింది. ఈ రెండు ఏడాదుల నడుమ, 1882లో రాబర్ట్ కోహ్ టీబీ క్రిమిని కనిపెట్టాడు. టీబీకి ఒక దోషి దొరికాడు. సార్కాయిడోసిస్‌కు ఈ రోజుకీ దొరకలేదు. పుట్టుకతో వచ్చిన తత్వం కొంత, బయటి నుంచి ఊపిరిలో చేరే వస్తువులు కొంత కలిసి దీన్ని రగిలిస్తాయని వైద్యలోకం భావిస్తోంది. 2001లో న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు ఆ దుమ్ములో పనిచేసిన అగ్నిమాపక సిబ్బందిలో ఈ జబ్బు మామూలుకన్నా ఎక్కువగా కనిపించింది. మన దేశంలో ఇది లేనే లేదని చాలాకాలం అనుకున్నారు. వెతకడం మొదలుపెట్టాక కలకత్తా, ఢిల్లీ, చండీగఢ్ ఆసుపత్రుల నుంచి వరసగా కేసులు బయటపడ్డాయి.

మరి ఎప్పుడు అనుమానించాలి? పొడి దగ్గు, ఆయాసం, తీరని నీరసం, బరువు తగ్గడం, సన్న జ్వరం. ఇవి టీబీలోనూ ఉంటాయి కాబట్టి వీటితో తేల్చలేం. తేడా తెలిపే గుర్తులు ఊపిరితిత్తుల బయట దొరుకుతాయి. కళ్ళు ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారడం. చెవి కింద రెండు వైపులా గవదబిళ్ళల్లా వాపు. ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు వంకరపోవడం. ముక్కు మీద, బుగ్గల మీద ఊదారంగు మచ్చలు. పాత దెబ్బ మానిన మచ్చ మళ్ళీ ఉబ్బడం. చీలమండలు వాచి, మోకాళ్ళ కింద ఎర్రటి నొప్పి గడ్డలు లేవడం. ఈ చివరి రకం హఠాత్తుగా వస్తుంది, రోగిని బాగా భయపెడుతుంది, కానీ తనంత తానే తగ్గిపోయే అవకాశం దానికే ఎక్కువ. మన దేశంలో అది తక్కువగా కనిపిస్తుంది.

ఇంకో గుర్తు ఒంట్లో సున్నం ఎక్కువ కావడం. ఈ జబ్బులోని గడ్డలు విటమిన్ డి ని అవసరానికి మించి చురుకైన రూపంలోకి మారుస్తాయి. దాంతో రక్తంలో, మూత్రంలో క్యాల్షియం పెరుగుతుంది. అతిదాహం, మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్ళు వస్తాయి. మన దగ్గర ఒళ్ళు నొప్పులంటే చాలు, క్యాల్షియం బిళ్ళ, వారానికో విటమిన్ డి పొట్లం వాడేస్తారు. సార్కాయిడోసిస్ ఉన్నవారు రక్తంలో, మూత్రంలో క్యాల్షియం చూపించుకోకుండా వాటిని ముట్టకూడదు. రోహిణీ కార్తె ఎండల్లో ఒళ్ళు మాడేలా తిరగడం కూడా వారికి మంచిది కాదు. ఎండ వల్ల ఒంట్లో విటమిన్ డి పెరిగి, క్యాల్షియం ఇంకా పైకి పోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది గుండె విషయంలో. కొద్దిమందికే గుండెకు సోకుతుంది, కానీ సోకితే హెచ్చరిక లేకుండా దెబ్బతీయగలదు. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, నాడి మరీ నెమ్మదించడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. అందుకే సార్కాయిడోసిస్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, ఏ బాధా లేకపోయినా సరే, ఒక ఈసీజీ తీయాలి, కంటి డాక్టరుతో పూర్తి పరీక్ష చేయించాలి. కంటిలోని జబ్బు కొన్నిసార్లు నొప్పి లేకుండానే చూపు తినేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రుజువు ఎలా వస్తుంది? సార్కాయిడోసిస్‌ను తేల్చే ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు. ఏసీఈ అనే పరీక్ష ఉంది గానీ, అది పెరిగినంత మాత్రాన ఈ జబ్బు ఉన్నట్టు కాదు, పెరగనంత మాత్రాన లేనట్టూ కాదు. మూడు షరతులు కలిసిరావాలి. ఒకటి, రోగి బాధలూ ఎక్స్‌రే, స్కానూ ఈ జబ్బుకు సరిపోవాలి. రెండు, ముక్క పరీక్షలో గడ్డలు కనబడాలి. మూడు, అలాంటి గడ్డలు కట్టించే మిగతా జబ్బులన్నీ, ముఖ్యంగా టీబీ, కాదని తేలాలి. మన ప్రాంతంలో ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం.

ఛాతీ స్కానులో సార్కాయిడోసిస్ బిళ్ళలు ఎక్కువగా రెండు వైపులా సమానంగా ఉంటాయి, నిండుగా ఒకే రంగులో కనిపిస్తాయి. టీబీ బిళ్ళలు తరచు ఒక పక్కకు ఉంటాయి, మధ్యలో చీకటిగా, అంచు వెలుగ్గా కనిపిస్తాయి. చేతి మీద వేసే మాంటూ సూది కూడా ఇక్కడ పనికొస్తుంది. మనలాంటి ప్రాంతంలో పెద్దవాళ్ళలో చాలామందికి అది పొంగుతుంది. సార్కాయిడోసిస్ ఉన్నవారిలో మాత్రం తరచు పొంగదు. టీబీ ఇంతగా ఉన్న చోట మాంటూ అస్సలు పొంగకపోతే డాక్టరు ఆగి ఆలోచించాలి. బాగా పొంగితే సార్కాయిడోసిస్ అనడానికి తొందరపడకూడదు. ఇవన్నీ తక్కెడలో వేసే తూకపు రాళ్ళే గానీ తీర్పు కాదు.

తీర్పు ఇచ్చేది ముక్క పరీక్ష. బ్రాంకోస్కోపీ అని, ముక్కు ద్వారానో నోటి ద్వారానో సన్నటి గొట్టం ఊపిరితిత్తుల్లోకి పంపి, లోపలి నుంచి చిన్న ముక్కలు తీస్తారు. ఛాతీ మధ్యలోని బిళ్ళలను అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో నమూనా తీసే ఈబస్ పద్ధతి ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతోంది. చర్మం మీద మచ్చ ఉంటే, మెడలో బిళ్ళ తగిలితే ఇంకా సులువు, అక్కడి నుంచే ముక్క తీయవచ్చు. చాలామంది ‘ముక్క తీస్తే జబ్బు పాకుతుందండి’ అని భయపడతారు. పాకదు. ఆరు నెలలు తప్పు మందు మింగడం కన్నా ఆ ఒక్క పూట ఓర్చుకోవడం ఎంతో మేలు.

ఇక్కడ తోటి వైద్యులకు ఒక మనవి. తీసిన ముక్కను ఒకే సీసాలో వేసి పంపవద్దు. ఫార్మలిన్‌లో వేసిన ముక్క సూక్ష్మదర్శిని కింద చూడడానికి పనికొస్తుంది గానీ, అందులో టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చరులో పెరగదు. అందుకని ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఇంకొకటి సెలైన్ నీటిలో వేయాలి. రెండోది టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ లేదా సీబీనాట్‌కూ, టీబీ కల్చరుకూ వెళ్ళాలి. క్రిములు తక్కువగా ఉన్న బిళ్ళల టీబీలో మొదటి పరీక్షలు తప్పిపోవచ్చు, కల్చరులో ఆరు వారాలకు తేలవచ్చు. పైగా జున్నులా మెత్తబడని గడ్డలు కూడా అప్పుడప్పుడు టీబీలో ఉంటాయి. కాబట్టి ‘గడ్డల్లో చచ్చిన కణజాలం లేదు’ అన్న ఒక్క వాక్యం చదివి, రక్షణ శక్తిని అణచే స్టెరాయిడ్ మొదలుపెట్టవద్దు. రోగి పరిస్థితి ఆగగలిగేదైతే కల్చరు ఫలితం వచ్చేదాకా ఆగండి. చూపుకో, గుండెకో, ఊపిరికో ప్రమాదం ఉంటే ఆగలేం. అప్పుడు రోగికీ ఇంటివారికీ అన్నీ చెప్పి, దగ్గరగా కనిపెట్టుకుని నిర్ణయం తీసుకోవాలి.

మన డెల్టాలో టీబీ కాక ఇంకా కొన్ని వేషధారులున్నాయి. కుష్ఠులోనూ చర్మంలో ఇలాంటి గడ్డలే కడతాయి. మచ్చ మీద స్పర్శ ఉందా లేదా అన్నది తప్పనిసరిగా చూడాలి. వరి చేల మట్టిలో ఉండే క్రిమి వల్ల వచ్చే మెలియాయిడోసిస్, ముఖ్యంగా సుగరు ఉన్నవారిలో, టీబీలా మభ్యపెడుతుంది. బూజు పట్టిన గడ్డి దుమ్మూ, ధాన్యపు దుమ్మూ, పావురాల రెట్టా పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఎలర్జీ జబ్బు స్కానులో ఇలాగే అనిపించవచ్చు. అందుకని డాక్టరు మీ పని గురించి అడిగితే విసుక్కోకండి. కోనసీమలో కొబ్బరి పీచు ఆడించే చోట పనా, రైసు మిల్లులో పనా, క్వారీలో పనా, ఇంటి మీద పావురాలున్నాయా, అన్నీ చెప్పండి. ఆ మాటల్లోనే సగం రుజువు ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. సూది వేస్తే ఆయాసం తగ్గింది కాబట్టి ఫలానా జబ్బే అనుకోవద్దు. ఆ సూదుల్లో తరచు స్టెరాయిడ్ ఉంటుంది. అది చాలా జబ్బుల్లో నాలుగు రోజులు ఉపశమనం ఇస్తుంది, టీబీలో కూడా. ఆ నాలుగు రోజుల సుఖం వెనక జబ్బు దాక్కుని ముదురుతుంది. పైగా ఆ తర్వాత తీసే ముక్కలో గడ్డలు కరిగిపోయి, అసలు రుజువే చెదిరిపోవచ్చు.

సరే, సార్కాయిడోసిస్ అనే తేలింది. వెంటనే మందు వేయాలా? అక్కరలేదు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. ఎక్స్‌రేలో బిళ్ళలు మాత్రమే ఉండి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నవారిలో నూటికి 55 నుంచి 90 మందికి జబ్బు తనంత తానే తగ్గుతుంది. బిళ్ళలతో పాటు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నవారిలో 40 నుంచి 70 మందికి తగ్గుతుంది. బిళ్ళలు పోయి ఊపిరితిత్తుల్లో మచ్చలే మిగిలినవారిలో ఇది 10 నుంచి 20కి పడిపోతుంది. గట్టిపడి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి మాత్రం తిరిగి మామూలు కాదు. అందుకని చాలామందిలో మూడు నాలుగు నెలలకోసారి చూస్తూ, ఊపిరి ఊది కొలిచే స్పైరోమెట్రీ చేస్తూ కనిపెట్టుకుని ఉండడమే సరైన వైద్యం. ‘మందు రాయలేదేంటండి’ అని డాక్టరును మార్చేయకండి. మందు రాయకపోవడం కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

మందు ఎప్పుడు కావాలి? ఏదైనా అవయవానికి ప్రమాదం ఉన్నప్పుడు, లేదా రోగి రోజువారీ బతుకు భారమైపోయినప్పుడు. మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఎంత ఇవ్వాలన్నదాని మీద మన దేశం నుంచే ఒక మంచి జవాబు వచ్చింది. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు 86 మంది రోగుల్లో సగం మందికి రోజుకు 40 మిల్లీగ్రాములతో, సగం మందికి 20తో మొదలుపెట్టి చూశారు. ఏడాదిన్నర తర్వాత జబ్బు తిరగబెట్టడంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ఫలితం 2023లో ప్రచురితమైంది. ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ ఉన్న చాలామందికి తక్కువ మోతాదుతోనే సరిపెట్టవచ్చన్న ధైర్యం అది ఇచ్చింది. సుగరూ బీపీ ఇంటింటికీ చేరిన మన జిల్లాల్లో మోతాదులో ఆ తగ్గుదల చిన్నది కాదు.

స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, ముఖం ఉబ్బిస్తుంది, సుగరు పైకి లేపుతుంది, ఎముకల బలం తగ్గిస్తుంది. మొదలుపెట్టేముందు సుగరు, బీపీ చూడాలి. చెప్పులు లేకుండా చేలో దిగేవారికి మట్టి నుంచి పాదాల ద్వారా ఎక్కే స్ట్రాంజిలాయిడ్స్ అనే పురుగు ఉండవచ్చు. స్టెరాయిడ్ పడితే అది ఒళ్ళంతా పాకి ప్రాణం తీయగలదు. ఆ అనుమానం ఉంటే ముందే దానికి మందు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయకూడదు. ఒళ్ళు తనంత తాను చేసుకోవలసిన హార్మోను ఈలోగా తగ్గిపోయి ఉంటుంది. మందులు అయిపోయాయని, బాగుందని ఆపేస్తే బీపీ పడిపోయి ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా దించుకుంటూ రావాలి.

స్టెరాయిడ్ పడనివారికీ, ఎక్కువకాలం కావలసినవారికీ ఇంకో మందు ఉంది. దాని పేరు మెథోట్రెక్సేట్. ఆ మందు గురించి చెప్పాలంటే మన భీమవరం వెళ్ళాలి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లోనే ఇంట్లో వరసగా చావులు చూశారు. ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే పేగు జబ్బు బలి తీసుకుంది. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళారు. హార్వర్డులో పనిచేశారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులనూ అదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న పసిపిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ కుటుంబంలోని మందే మెథోట్రెక్సేట్. మన డెల్టాను పీడించిన బోధకాలుకు వాడే హెట్రజాన్ కూడా సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిందే. ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

క్యాన్సరుకు పెద్ద మోతాదులో వాడిన మెథోట్రెక్సేట్, చిన్న మోతాదులో అదుపు తప్పిన రక్షణ శక్తిని శాంతపరుస్తుందని తర్వాత తెలిసింది. కీళ్ళవాతానికి వాడారు, సార్కాయిడోసిస్‌కూ వాడారు. చాలాకాలం దాన్ని స్టెరాయిడ్ తర్వాతి మెట్టుగానే ఉంచారు. 2025లో నెదర్లాండ్స్ వైద్యులు 138 మంది ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మొదటి నుంచీ ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, ఇంకొక వర్గానికి మొదటి నుంచీ మెథోట్రెక్సేట్ ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. 24 వారాల తర్వాత ఊపిరి కొలిచి చూస్తే మెథోట్రెక్సేట్ వెనకబడలేదు. అది నెమ్మదిగా పనిచేస్తుంది, స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది. దేని ఇబ్బందులు దానివి. కానీ లావెక్కడం, సుగరు పెరగడం అంటే భయపడే రోగికి ఇప్పుడు మొదటి రోజు నుంచే ఇంకో దారి ఉంది. భీమవరంలో పుట్టిన మనిషి చేతి చలవ ఇప్పుడు మన జిల్లాల రోగులకు అందుతోంది. నాకది ఎంతో గర్వం.

అయితే ఈ మందు విషయంలో ప్రాణాలు నిలిపే జాగ్రత్త ఒకటి ఉంది. సార్కాయిడోసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకునేది వారానికి ఒక్క రోజే. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. చీటీ మీద ఏ వారమో పేరు పెట్టి రాయించుకోండి. ఆదివారం అంటే ఆదివారమే. మందుల షాపు వారు కూడా చదివి చెప్పాలి. డాక్టరు చెప్పిన రోజున ఫోలిక్ ఆమ్లం బిళ్ళ వేసుకోవాలి. రక్తకణాలు, కాలేయం పరీక్షలు వేళకు చేయించుకోవాలి. సారా, కల్లు మానాలి. గర్భిణులు, గర్భం ధరించదలచినవారు ఈ మందు వాడకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది చెబుతాను. మీకో మీవాళ్ళకో టీబీ మందు పడుతుంటే, ఈ మాటలు విని దయచేసి ఆపేయకండి. మందు మధ్యలో మానితే టీబీ మొండిదైపోతుంది. నా మాట మందు మొదలుపెట్టేముందు అడగవలసిన ప్రశ్న గురించి. ‘డాక్టరుగారండీ, ఇది టీబీయే అని దేనివల్ల తేలిందండి?’ అని అడగండి. తెమడలో క్రిమి కనబడిందని చెబితే, ధైర్యంగా పూర్తి కోర్సు వాడండి. ప్రభుత్వం ఆ పరీక్షా మందూ ఉచితంగానే ఇస్తోంది. క్రిమి కనబడలేదు, బిళ్ళలను బట్టి మొదలుపెట్టామంటే, ‘ముక్క తీసి చూడొచ్చాండి?’ అని అడగండి. రెండు నెలల మందు తర్వాత కూడా ఏమాత్రం తేలికపడకపోతే మళ్ళీ వెళ్ళి అదే ప్రశ్న వేయండి. అప్పుడు చూడవలసినవి రెండు. ఒకటి మందుకు లొంగని టీబీ. రెండోది అసలు టీబీయే కాకపోవడం.

కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. రాజమహేంద్రవరంలో, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో మొదలయ్యాయి. రాజానగరం, అమలాపురం దగ్గర ప్రైవేటు వైద్య కళాశాలలున్నాయి. ఊళ్ళో డాక్టరు దగ్గర ముక్క పరీక్ష సాధ్యం కాకపోతే, సాధ్యమయ్యే చోటికి చీటీ రాసి పంపమని అడగడం మీ హక్కు. పాత ఎక్స్‌రేలు, స్కాను ఫిల్ములు, ల్యాబు రిపోర్టులు ఏవీ పారేయకండి. రెండేళ్ళ నాటి ఎక్స్‌రేలోనూ అవే బిళ్ళలు కదలకుండా ఉన్నాయంటే అది డాక్టరుకు ఎంతో చెబుతుంది.

ఆర్ఎంపీ సోదరులకు ఒక్క మాట. మీరు చేతిలో ఉన్న సూది ఆపి, రెండు వారాలు దాటిన దగ్గును తెమడ పరీక్షకు పంపితే, ఒక ఇంటిని టీబీ నుంచి కాపాడినవారవుతారు. టీబీ మందు పూర్తయినా తగ్గని దగ్గును ఛాతీ డాక్టరు దగ్గరకు పంపితే, ఇంకో ఇంటిని కాపాడినవారవుతారు. మీ ఊరివాళ్ళు ముందు వచ్చేది మీ గుమ్మంలోకే.

సార్కాయిడోసిస్ ఉన్నవారిలో ఎక్కువమంది మంచి బతుకు బతుకుతారు. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, పొలం పనీ ఉద్యోగమూ చేసుకుంటారు. వాళ్ళకు కావలసింది సరైన పేరు, వేళకు చూపించుకోవడం, తోడుగా నిలిచే ఇల్లు. టీబీ ఉన్నవారికి కావలసిందీ ఇదే. ఆ పేరు ఊహ మీద పెట్టకుండా రుజువు మీద పెట్టే బాధ్యత మా వైద్యులది. ఆ రుజువు అడిగే హక్కు మీది. అడగండి.